గొట్టంతో నీటి అడుగున ఊపిరి ఎందుకు ఆడదు?

ఈ నెల ఆరోగ్య పాఠంలో ఊపిరి గురించి, నీటి ఒత్తిడి గురించి కలిపి నేర్చుకుందాము. ఈ పాఠం మా స్కూల్ ఆఫ్ నర్సింగ్ విద్యార్థినులకు ఎంత ఉపయోగమో, పిల్లలున్న ప్రతి తల్లిదండ్రులకూ అంతే ఉపయోగం.

వేసవి సెలవుల్లో వి.బి.ఎస్. పిల్లలకు ఆరోగ్య విషయాలు చెప్పేటప్పుడు ఒక ప్రశ్న తరచుగా వస్తూ ఉంటుంది. "సినిమాలో హీరో చెరువులో దాక్కుని బొప్పాయి కాడతో గాలి పీలుస్తాడు కదా, మనమూ పొడుగు పైపు పెట్టుకుంటే ఎంత లోతుకైనా పోవచ్చా?" అని అడుగుతారు. ప్రశ్న తెలివైనదే. గొట్టం పై చివర గాలిలో ఉంది, కింది చివర నోట్లో ఉంది, మధ్యలో అడ్డం ఏమీ లేదు. మరి గాలి ఎందుకు రాదు? "అది ప్రమాదం, చేయకండి" అని కసిరి ఊరుకుంటే పిల్లలు మన ఎదుట చేయరు, చాటుగా చేసి చూస్తారు. కారణం వివరించి చెబితే మాత్రం వాళ్లే ఇంకొకరిని ఆపుతారు. అందుకే ఈ పాఠం.

1. మామూలుగా ఊపిరి ఎలా ఆడుతుంది?

మనం గాలిని నోటితో లాగుతున్నామని అనుకుంటాము. నిజానికి ఊపిరితిత్తులకు సొంతంగా కండరాలు లేవు, అవి వాటంతట అవి కదలలేవు. పక్కటెముకల మధ్య కండరాలు, ఛాతీకి పొట్టకు నడుమ ఉన్న డయాఫ్రమ్ కలిసి ఛాతీని పెద్దది చేస్తాయి. ఛాతీ వెడల్పు కాగానే లోపలి పీడనం బయటి గాలి పీడనం కంటే కొంచెం తగ్గుతుంది. అప్పుడు బయటి గాలి దానంతట అదే లోపలికి వస్తుంది. కొలిమి తిత్తి తెరిచినప్పుడు గాలి ఎలా వస్తుందో ఇదీ అంతే.

ఇక్కడ "కొంచెం" అనే మాటను గుర్తుంచుకోవాలి. ప్రశాంతంగా కూర్చుని ఊపిరి పీల్చినప్పుడు ఊపిరితిత్తుల చుట్టూ ఉన్న పొరలో పీడనం సుమారు 3 సెంటీమీటర్ల నీటి ఎత్తు మేరకే మారుతుంది. అంటే మన మూడు వేళ్ల వెడల్పు అంత కూడా ఉండదు. ఇంత తక్కువ శ్రమతో పని జరుగుతున్నది కాబట్టే రాత్రింబవళ్లు ఊపిరి పీలుస్తున్నా మనకు అలసట తెలియదు.

గాలికి కూడా బరువు ఉంది. సముద్ర మట్టం దగ్గర గాలి మన శరీరం మీద ప్రతి చదరపు సెంటీమీటరుకు ఒక కిలో కంటే కొంచెం ఎక్కువ బరువుతో ఒత్తుతూ ఉంటుంది. ఇది 760 మిల్లీమీటర్ల పాదరసానికి, లేక సుమారు 1033 సెంటీమీటర్ల నీటికి సమానం. ఇంత బరువు మనకు ఎందుకు తెలియడం లేదు? ఊపిరితిత్తుల లోపల ఉన్న గాలి కూడా అదే పీడనంతో లోపలి నుండి ఒత్తుతున్నది కాబట్టి. బయట ఎంతో లోపల అంతే, రెండూ సరి.

2. నీటిలోకి దిగితే ఏమి మారుతుంది?

నీరు గాలి కంటే ఎన్నో వందల రెట్లు బరువైనది. 10 మీటర్లు లోతుకు దిగితే నీటి ఒత్తిడి మొత్తం వాతావరణ పీడనానికి దాదాపు సమానం అవుతుంది. 1 మీటరు లోతులో అయితే ప్రతి చదరపు సెంటీమీటరు మీద అదనంగా 100 గ్రాముల బరువు పడుతుంది.

ఇప్పుడు ఒక అబ్బాయి నోట్లో పొడుగు గొట్టం పెట్టుకుని, ఛాతీ 1 మీటరు లోతులో ఉండేటట్లు మునిగాడు అనుకుందాము. వాని ఛాతీ బయట గాలి పీడనం 1033, నీటి పీడనం 100, మొత్తం 1133 సెంటీమీటర్లు. ఛాతీ లోపల ఎంత? గొట్టం పైన గాలిలోకి తెరిచి ఉంది కాబట్టి లోపల ఉన్నది 1033 మాత్రమే. తేడా 100 సెంటీమీటర్లు. గొట్టంలో అడ్డం ఏమీ లేదన్నది నిజమే. అడ్డం గొట్టంలో కాదు, ఛాతీ మీద ఉంది.

ఈ తేడాను బరువు రూపంలో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. పెద్దవారి ఛాతీ, పై పొట్ట ముందు భాగం 30 సెం.మీ. వెడల్పు, 40 సెం.మీ. పొడవు అనుకుంటే 1200 చదరపు సెంటీమీటర్లు. ఒక్కొక్క దాని మీద 100 గ్రాముల చొప్పున మొత్తం 120 కిలోలు. అంటే నేల మీద వెల్లకిల పడుకుని గుండెల మీద 25 కిలోల బియ్యం బస్తాలు దాదాపు అయిదు పెట్టుకున్నట్లు. ప్రతి ఊపిరికి ఆ అయిదు బస్తాలను పైకి లేపాలి. అర మీటరు లోతులో కూడా 60 కిలోలు ఉంటుంది.

ఇంకొక సంగతి. నిటారుగా నిలబడిన మనిషికి నోటి కంటే ఛాతీ పాతిక సెంటీమీటర్ల పైనే కింద ఉంటుంది. కాబట్టి నోటి మీద నీరు ఒక మీటరు ఉంటే ఛాతీ దగ్గర లోతు మీటరుంపావు. చూసేవారికి "తల మీద నీళ్లు కొంచెమే కదా" అనిపిస్తుంది, కాని లెక్క ఛాతీ దగ్గర వేయాలి.

3. మన ఛాతీ కండరాల బలం ఎంత?

ఆరోగ్యంగా ఉన్న వయసు మగవారు తమ బలమంతా పెట్టి ఒక్కసారి గాలి లాగితే సుమారు 100 సెంటీమీటర్ల నీటికి సమానమైన బలం చూపగలరు. ఆడవారిలో ఇది ఇంకా తక్కువ, చిన్నపిల్లల్లోను, వృద్ధుల్లోను మరీ తక్కువ. ఇది కూడా ఒక్క క్షణం చూపగల బలమే. ఒక బస్తాను ఒకసారి ఎత్తగలిగిన వాడు నిమిషానికి పదిహేను సార్లు, అలా గంటసేపు ఎత్తలేడు కదా! గరిష్ఠ బలంలో సగాన్ని కూడా డయాఫ్రమ్ ఎక్కువసేపు భరించలేదు, త్వరగా అలసిపోతుంది.

దీనిని బట్టి లెక్క ఇలా ఉంటుంది:

ఛాతీ 15 – 20 సెం.మీ. లోతులో: బోర్లా తేలుతూ ఈదేవారి స్థితి ఇది. కొంచెం శ్రమ తెలుస్తుంది, ఆరోగ్యవంతులు ఓర్చుకోగలరు.

ఛాతీ 30 సెం.మీ. లోతులో: మామూలు ఊపిరికి కావలసిన దానికంటే పది రెట్లు పైగా బలం కావాలి. త్వరగా అలసట వస్తుంది.

ఛాతీ 60 సెం.మీ. లోతులో: బలవంతుడైన మనిషి కూడా కొద్ది నిమిషాలకు మించి నిలవడం కష్టం.

ఛాతీ 1 మీటరు లోతులో: బలమంతా పెట్టినా ఛాతీ విచ్చుకోవడమే గగనం.

1911లో ఆస్ట్రియా దేశపు శరీరధర్మ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ స్టిగ్లర్ ఈ సంగతిని ప్రయోగాల ద్వారా చూపించారు. లోతు పెరిగే కొద్దీ గొట్టంతో ఊపిరి పీల్చగల సమయం నిమిషాల నుండి క్షణాలకు పడిపోతుందని ఆయన ప్రయోగాలు తెలిపాయి.

ఊపిరి వదలడం మాత్రం సులువే, నీరే పిండి బయటకు పంపిస్తుంది. మోసం అక్కడే ఉంది. ఉన్న గాలి చులకనగా పోతుంది, కొత్త గాలి రాదు. లోపలి గాలి తగ్గే కొద్దీ ఊపిరితిత్తుల అడుగు భాగాల్లోని సన్నని గాలి దారులు మూసుకుపోతాయి.

4. వార్డులో మనకు తెలిసిన ఉదాహరణలు

నర్సింగ్ విద్యార్థినులు ఈ లెక్కను కొత్తగా నేర్చుకోనక్కరలేదు. ఛాతీలో ట్యూబు వేసిన రోగి మంచం కింద ఉండే ఐ.సి.డి. బాటిల్‌ను చూడండి. నీటిలో మునిగే గాజు గొట్టం చివర 2 సెం.మీ. మాత్రమే మునగాలని నేర్పిస్తాము. ఎందుకు? 2 సెం.మీ. అయితే రోగి ఊపిరి వదిలినప్పుడు, దగ్గినప్పుడు ఛాతీలోని గాలి సులువుగా బుడగలుగా బయటకు వస్తుంది. అదే గొట్టాన్ని 10 సెం.మీ. ముంచితే గాలి బయటకు రావడానికి 10 సెం.మీ. ఒత్తిడి కావాలి, నీరసించిన రోగి అంత ఒత్తిడి చూపలేడు. ఎనిమిది సెంటీమీటర్ల నీరు ఒక రోగికి ఇంత తేడా చేస్తుంటే, వంద సెంటీమీటర్ల నీరు ఎంత చేస్తుందో ఆలోచించండి.

రెండవ ఉదాహరణ, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు పెట్టే బబుల్ సి.పాప్. బిడ్డ ఊపిరి వదిలే వైపు గొట్టాన్ని నీటి సీసాలో 5 సెం.మీ. ముంచి ఉంచుతాము. ఆ 5 సెం.మీ. నీటి ఒత్తిడే బిడ్డ ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా తెరిచి ఉంచుతుంది. ఇక్కడ ఒత్తిడి లోపలి నుండి బయటికి పనిచేస్తున్నది కాబట్టి ప్రాణం నిలుపుతుంది. మునిగిన అబ్బాయికి అదే నీటి ఒత్తిడి బయటి నుండి లోపలికి పనిచేస్తుంది కాబట్టి ఊపిరి ఆపుతుంది.

ఇంట్లో చూడదలచిన వారు ఒక బకెట్ నిండా నీళ్లు పోసి, సెలైన్ సెట్ కంటే కొంచెం లావైన శుభ్రమైన ప్లాస్టిక్ గొట్టం తీసుకోండి. బయట నిలబడే, గొట్టం చివరను ముందు 5 సెం.మీ., తర్వాత 25 సెం.మీ. ముంచి బుడగలు వచ్చేటట్లు ఊదండి. నీటి లోతు అంటే ఏమిటో ఛాతీకే తెలుస్తుంది. పిల్లలు చేసేటప్పుడు పెద్దలు దగ్గర ఉండాలి.

5. రెండవ ఇబ్బంది: వాడిన గాలే తిరిగి రావడం

ఒత్తిడి సంగతి కాసేపు పక్కన పెట్టినా పొడుగు గొట్టంతో మరొక చిక్కు ఉంది. మనం ఒక ఊపిరికి సుమారు 500 మి.లీ. గాలి పీలుస్తాము. అందులో 150 మి.లీ. ముక్కు, గొంతు, శ్వాసనాళాల్లోనే ఆగిపోతుంది, రక్తానికి ఉపయోగపడదు. దీనినే డెడ్ స్పేస్ అంటాము. గొట్టం పెట్టుకుంటే డెడ్ స్పేస్‌కు గొట్టంలోని గాలి కూడా కలుస్తుంది.

లోపలి వెడల్పు 2 సెం.మీ. ఉన్న గొట్టం 40 సెం.మీ. పొడవుంటే దానిలో సుమారు 125 మి.లీ. గాలి పడుతుంది. అప్పుడు 500 లో 275 పోగా 225 మి.లీ. కొత్త గాలి అందుతుంది. కొంచెం లోతుగా ఊపిరి పీలిస్తే సరిపోతుంది. అదే గొట్టం 1 మీటరు ఉంటే 314 మి.లీ. పడుతుంది. 150, 314 కలిపితే 464. మిగిలేది 36 మి.లీ. మాత్రమే! అంటే మనిషి వదిలిన గాలినే మళ్లీ పీలుస్తూ ఉంటాడు. కార్బన్ డయాక్సైడ్ రక్తంలో పేరుకుపోతుంది. తలనొప్పి, ఆయాసం, కంగారు, తర్వాత మత్తు, చివరకు స్పృహ తప్పడం జరుగుతాయి. నీటిలో స్పృహ తప్పితే ఇక చెప్పేదేముంది!

గొట్టాన్ని సన్నది చేస్తే సరిపోతుందా? సన్నని గొట్టంలో గాలి కదలడానికి నిరోధం విపరీతంగా పెరుగుతుంది. లావు చేస్తే డెడ్ స్పేస్, సన్నం చేస్తే నిరోధం. అందుకే దుకాణాల్లో దొరికే స్నార్కెల్ గొట్టాలన్నీ పొట్టిగా, ఇంచుమించు 40 సెం.మీ. లోపే ఉంటాయి. తయారీదారులు డబ్బు మిగుల్చుకోవడానికి పొట్టిగా చేశారని అనుకుని దానికి ఇంకొక పైపు అతికించకూడదు.

6. మూడవ ఇబ్బంది: రక్తం ఛాతీలోకి లాగబడడం

ఇది అన్నిటికంటె తక్కువ మందికి తెలిసిన ప్రమాదం. నీటి ఒత్తిడి కాళ్లు, చేతులు, పొట్ట అన్నిటి మీద పడుతుంది. ఛాతీ లోపల మాత్రం పైనున్న గాలి పీడనమే ఉంది. ఒత్తిడి ఎక్కువ ఉన్న చోటి నుండి తక్కువ ఉన్న చోటికి రక్తం పరుగెడుతుంది. గుండె గదులు, ఊపిరితిత్తుల రక్తనాళాలు ఉబ్బుతాయి. మెడ వరకు నీటిలో నిలబడితేనే అర లీటరుకు పైగా రక్తం ఛాతీలోకి చేరుతుంది. నీటిలో ఉన్నప్పుడు మూత్రం ఎక్కువగా రావడానికి ఇదే కారణం. గుండె సాగినందువల్ల శరీరంలో నీరు ఎక్కువైందని మూత్రపిండాలకు సంకేతం అందుతుంది.

లోతులో గొట్టంతో బలవంతంగా గాలి లాగితే ఈ లాగుడు ఇంకా పెరుగుతుంది. ఊపిరితిత్తుల్లోని వెంట్రుక కంటే సన్నని రక్తనాళాల నుండి నీరు గాలి సంచుల్లోకి ఊరుతుంది. ఇదే పల్మనరీ ఇడిమా. ఆపరేషన్ తర్వాత మత్తు ట్యూబు తీసినప్పుడు కొందరికి గొంతు బిగుసుకుపోయి, మూసుకున్న గొంతుకు ఎదురుగా గాలి లాగే ప్రయత్నంలో గులాబీ రంగు నురుగు రావడం రికవరీ రూమ్‌లో పనిచేసే సిస్టర్లు ఎరుగుదురు. కారణం ఒక్కటే. అక్కడ గొంతు అడ్డం, ఇక్కడ నీటి బరువు అడ్డం.

7. ఏనుగు ఎలా చేయగలుగుతున్నది?

"ఏనుగు తొండం పైకెత్తి నదులు దాటుతుంది కదా" అని పిల్లలు తప్పక అడుగుతారు. ముందుతరాల వారికీ ఈ ఆలోచన వచ్చింది. క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలోనే గ్రీకు పండితుడు అరిస్టాటిల్, నీటిలో దిగేవారు వాడే గాలి సాధనాలను ఏనుగు తొండంతో పోల్చాడు.

ఏనుగు మునిగి ఈదేటప్పుడు దాని ఊపిరితిత్తులు సుమారు 2 మీటర్ల లోతులో ఉంటాయి. మనకైతే ఊపిరితిత్తుల పైనున్న రెండు పలుచని పొరల నడుమ కొద్దిపాటి ద్రవం మాత్రమే ఉంటుంది. అంత తేడా ఒత్తిడికి ఆ పొరల్లోని రక్తనాళాలు చిట్లే ప్రమాదం ఉంది. ఏనుగుకు ఆ ఖాళీయే లేదు, దాని స్థానంలో గట్టి పీచు కణజాలం నిండి ఉంది. ఈ ప్రత్యేకతకు తొండంతో ఊపిరి పీలుస్తూ ఈదడమే కారణమని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జాన్ వెస్ట్ 2001లో వివరించారు. సృష్టికర్త దేని పనికి తగిన కట్టు దానికి ఇచ్చాడు. ఏనుగుకు ఇచ్చినది మనకు ఇవ్వలేదు.

8. మరి డైవర్లు ఎలా దిగుతున్నారు?

1943లో ఫ్రాన్సులో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అనే ఇద్దరు కలిసి ఒక సాధనం తయారు చేశారు. వీపు మీద సిలిండర్‌లో ఒత్తిడితో నింపిన గాలి ఉంటుంది. నోటి దగ్గరి రెగ్యులేటర్, చుట్టూ నీటి ఒత్తిడి ఎంత ఉందో అంతే ఒత్తిడితో గాలిని అందిస్తుంది. 10 మీటర్ల లోతులో బయట రెండు వాతావరణాల పీడనం ఉంటే లోపలికి వచ్చే గాలీ రెండు వాతావరణాల పీడనంతో వస్తుంది. బయట, లోపల మళ్లీ సరి. అందుకే డైవర్ ఛాతీ మీద బస్తాల బరువు ఉండదు.

కాని దీనికి వేరే నియమం ఉంది. ఆ గాలి పీల్చి ఊపిరి బిగబట్టి పైకి రాకూడదు. 10 మీటర్ల దగ్గర 5 లీటర్లు ఉన్న గాలి పైకి వచ్చేసరికి 10 లీటర్లు కావాలని చూస్తుంది, ఊపిరితిత్తులు చిట్లుతాయి. అందువల్ల శిక్షణ లేనిదే ఎవరూ ఆ సామాను ముట్టుకోకూడదు.

9. పాటించవలసిన జాగ్రత్తలు

– బావిలో మోటారు ఫుట్‌వాల్వు తీయడానికో, పడిపోయిన బిందె కోసమో నీళ్ల పైపు నోట పెట్టుకుని మునగవద్దు. పైపు ఎంత పొడుగైనా ప్రయోజనం లేదు. పాత బావుల్లో విషవాయువు ప్రమాదం కూడా ఉంటుంది.

– అండమాన్ వంటి చోట్లకు విహారానికి వెళ్లి స్నార్కెల్ వాడేవారు నీటి పైనే తేలుతూ ఉండాలి. లైఫ్ జాకెట్ వేసుకోవాలి. ఆయాసం మొదలైతే వెంటనే గొట్టం తీసి, వెల్లకిల తిరిగి, సహాయం కోసం చేయి ఊపాలి.

– గుండె జబ్బు, అదుపులో లేని బి.పి., ఉబ్బసం ఉన్నవారు, గర్భిణీ స్త్రీలు ముందుగా డాక్టరు సలహా తీసుకోవాలి.

– మునిగే ముందు గబగబా చాలాసార్లు ఊపిరి పీల్చి, ఎక్కువసేపు ఉండగలమా అని పందెం వేయవద్దు. ఊపిరి కావాలన్న కోరిక కలగకముందే స్పృహ తప్పవచ్చు.

– ఈత వచ్చినా ఒంటరిగా నీటిలో దిగవద్దు.

10. నీట మునిగిన వారికి ప్రథమ చికిత్స

ముందు మీ ప్రాణం కాపాడుకోండి. ఈత, శిక్షణ లేనివారు దూకకుండా తాడు, చీర, పొడుగు కర్ర, మూత బిగించిన ఖాళీ డబ్బా అందించాలి. బయటకు తీసిన తర్వాత కుండ మీద బోర్లించడం, కాళ్లు పట్టి గిరగిర తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం చేయవద్దు. వీటివల్ల విలువైన నిమిషాలు పోతాయి, పొట్టలోని నీరు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది.

వెల్లకిల పడుకోబెట్టి పిలిచి చూడండి. ఒకరు 108 కి ఫోన్ చేయాలి. ఊపిరి లేకపోతే తల వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి ముందుగా రెండుసార్లు ఊదండి. మునిగిన వారికి మొదటి అవసరం గాలి. తర్వాత ఛాతీ మధ్యలో 30 సార్లు నొక్కి 2 సార్లు ఊదడం, ఇలా ఆపకుండా చేయండి. ఊపిరి ఉండి స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తేరుకుని లేచి కూర్చున్నా సరే ఆసుపత్రికి తీసుకురండి. దగ్గు, ఆయాసం కొన్ని గంటల తర్వాత మొదలు కావచ్చు.

విద్యార్థినులకు ప్రశ్నలు

1. ఛాతీ 50 సెం.మీ. లోతులో ఉన్నప్పుడు బయటి పీడనానికి, లోపలి పీడనానికి తేడా ఎంత?
2. స్నార్కెల్ గొట్టాన్ని పొడిగిస్తే డెడ్ స్పేస్ ఎలా మారుతుంది? లెక్క చూపండి.
3. ఐ.సి.డి. బాటిల్ గొట్టం 2 సెం.మీ. మాత్రమే ఎందుకు ముంచుతాము?
4. స్నార్కెల్ వాడేవారికి, సిలిండర్‌తో దిగే డైవర్‌కు ఊపిరితిత్తుల లోపలి పీడనంలో తేడా ఏమిటి?

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన ప్రతి విద్యార్థిని సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు తన వీధిలోని పిల్లలను కూర్చోబెట్టి, బకెట్, గొట్టం పెట్టి ఈ పాఠం చెప్పాలని మా కోరిక. అది పరీక్షలో వచ్చే మార్కుల కంటే విలువైనది. ఊపిరి దేవుడు మనకు ఇచ్చిన వరం. రాబోయే వేసవిలో మన చెరువుల దగ్గర, కాలువల దగ్గర, బావుల దగ్గర ఏ తల్లికీ కడుపుకోత కలగకుండా ప్రభువు మన పిల్లలను కాపాడును గాక.